'వికటకవి'లో ఎన్ని వికటకవులు?

బుచ్చయ్యపేట మండలం చెరకు పండే నేల. విశాఖపట్నం జిల్లాలో ఉండి 2022లో కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో, చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో, గానుగ అంటే ఏమిటో పిల్లలకు బడిలో చెప్పక్కర్లేదు. చెరకు రసమై, రసం పాకమై, పాకం దిమ్మై అనకాపల్లి మార్కెట్‌కు పోవడం వాళ్లు చూస్తూనే పెరుగుతారు. ఆ 'గానుగ' అనే మాటను కాగితం మీద రాసి చివరి నుంచి మొదటికి చదివితే 'గనుగా' అని వస్తుంది. దీర్ఘం ఒక్కటే అడ్డుపడింది. అది లేకపోతే ఎటు చదివినా ఒకే మాట అయ్యేది.

అడ్డేమీ లేకుండా రెండువైపులా ఒకేలా నడిచే మాటలు మన నోట రోజూ ఆడుతూనే ఉంటాయి. పులుపు, కునుకు, కులుకు, మిసిమి, మడమ, వలువ, నటన, నయన, సరస, జలజ, టమాట. వీటన్నిటికీ పెద్దన్న తెనాలి రామకృష్ణుడి పేరుతో ప్రతి తెలుగు పిల్లకూ తెలిసిన 'వికటకవి'. ఇలాంటి మాటను కంప్యూటర్ శాస్త్రంలో పాలిండ్రోమ్ అంటారు. మన ఛందోగ్రంథాలలో ఇదే గుణం పద్యపాదానికి ఉంటే పాదభ్రమకం అన్నారు.

ఒక మాట పాలిండ్రోమా కాదా అని చూడటం తేలిక. రెండు చివర్ల నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ మధ్యకు వస్తే సరిపోతుంది. అసలు చిక్కు లెక్కపెట్టడంలో ఉంది. 'వికటకవి' లోపల ఎన్ని పాలిండ్రోమ్‌లు దాగి ఉన్నాయి? ముప్పై అక్షరాల పద్యపాదంలో ఎన్ని? లక్ష అక్షరాల పుస్తకంలో ఎన్ని? అన్నిటినీ వరసగా రాసి లెక్కపెట్టాలంటే ఒక జీవితం చాలదు. జాబితా రాయకుండానే సంఖ్య కచ్చితంగా తేల్చే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు డైనమిక్ ప్రోగ్రామింగ్. ఆ పేరు పెట్టింది 1950లలో అమెరికన్ గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్. పద్ధతిలోని ప్రాణం మాత్రం మన ఛందశ్శాస్త్రానికి అంతకు వెయ్యేళ్ల ముందే తెలుసు. ఈ అధ్యాయంలో ముందు ఆ పద్ధతిని చేత్తో చేసి చూద్దాం. ఆ తర్వాత దాని పాత ఇంటికి వెళదాం.

ముందు అక్షరం అంటే ఏమిటో తేల్చుకోవాలి

లెక్కపెట్టే ముందు దేన్ని ఒకటిగా లెక్కించాలో నిర్ణయించుకోవాలి. మనకు 'వి' ఒక అక్షరం. కంప్యూటర్ లోపల అది రెండు సంకేతాలు: వ, దాని వెనక గుడి. తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే చోటు దక్కింది. అందులో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు వేరే సంఖ్య, పొల్లుకు మరో సంఖ్య ఉంటాయి. 'వికటకవి' మనకు అయిదక్షరాలు, యంత్రానికి ఏడు సంకేతాలు: వ, గుడి, క, ట, క, వ, గుడి. ఈ ఏడింటినీ తిరగేస్తే మొట్టమొదట వచ్చేది గుడి. మొదట ఉన్నది వ. రెండూ ఒకటి కావు కాబట్టి, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాం 'వికటకవి' పాలిండ్రోమ్ కాదని చెబుతుంది.

తప్పు ఒకవైపే జరిగితే సరిదిద్దుకోవడం సులువు. ఇక్కడ రెండువైపులా జరుగుతుంది. 'తాత' అనే మాటలో సంకేతాలు త, దీర్ఘం, త. తిరగేసినా త, దీర్ఘం, త. మామ, పాప, కాక కూడా అంతే. 'తా', 'త' వేర్వేరు అక్షరాలని ఒకటో తరగతి పిల్లకు తెలుసు. యంత్రం మాత్రం 'తాత'ను పాలిండ్రోమ్ అని ఒప్పేసుకుంటుంది. అంటే అదే ప్రోగ్రాం వికటకవిని వెళ్లగొట్టి తాతను లోపలికి రానిస్తుంది.

బుచ్చయ్యపేట పేరే తీసుకుందాం. బు, చ్చ, య్య, పే, ట: అయిదక్షరాలు, అయిదూ వేర్వేరు. కాబట్టి ఒంటి అక్షరాలు తప్ప ఇందులో మరో పాలిండ్రోమ్ లేదు. సరైన లెక్క 5. యంత్రం దగ్గర ఇదే పేరు పదకొండు సంకేతాలు: బ, కొమ్ము, చ, పొల్లు, చ, య, పొల్లు, య, ప, ఏత్వం, ట. ఒంటి సంకేతాలు పదకొండుకు తోడు 'చ, పొల్లు, చ' ఒకటి, 'య, పొల్లు, య' ఒకటి పాలిండ్రోమ్‌లుగా కనిపించి లెక్క 13 అవుతుంది. నిజానికి ఆ రెండూ ఒత్తక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో అక్షరం. ఊరి పేరు ఒక్కటే, లెక్కలు రెండు. ఎంత గొప్ప పద్ధతి ఎంచుకున్నా మొదటి మెట్టు దగ్గర కాలు జారితే జవాబు చెడుతుంది.

కాబట్టి తెలుగులో ఈ పని చేసే ఏ ప్రోగ్రామైనా ముందుగా మాటను అక్షరాలుగా విడగొట్టాలి. హల్లు వెంట వచ్చే గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ హల్లుతోనే ఉండాలి. ఒత్తక్షరాన్ని మధ్యలో విరవకుండా ఒకే గుంపుగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023లో వచ్చిన 15.1 కూర్పుతో చేరింది. అంతకుముందు రాసిన పనిముట్లలో చాలావాటికి 'చ్చ' రెండు ముక్కలే. తెలుగులో కంప్యూటింగ్ నేర్పేవాళ్లు ఈ పాఠాన్ని మొదటి రోజే చెప్పాలని నా గట్టి నమ్మకం. ఇంగ్లిషు మాటల మీద నేర్చుకున్న అలవాటును తెలుగు మీద అలాగే రుద్దితే చెడేది మన భాషకు సంబంధించిన ప్రతి లెక్కా.

మొదటి లెక్క: విడదీయని ముక్కలు

ఇప్పుడు అక్షరాలు చేతికొచ్చాయి: వి, క, ట, క, వి. వీటికి 1 నుంచి 5 వరకు అంకెలు వేద్దాం. పక్కపక్కన ఉన్న అక్షరాలను విడదీయకుండా తీసుకుంటే ఎన్ని పాలిండ్రోమ్ ముక్కలు వస్తాయి?

ఒక్క అక్షరం ఎప్పుడూ పాలిండ్రోమే. అంతకన్నా పెద్ద ముక్క విషయంలో రెండే ప్రశ్నలు అడగాలి. మొదటి అక్షరం, చివరి అక్షరం ఒకటేనా? ఆ రెండూ తీసేస్తే మిగిలిన లోపలి భాగం పాలిండ్రోమా? రెండింటికీ అవునంటేనే ఆ ముక్క పాలిండ్రోమ్. లోపలి భాగం ఏమీ మిగలకపోతే రెండో ప్రశ్న అడగనక్కర్లేదు.

ఈ రెండో ప్రశ్నలోనే పద్ధతి కీలకమంతా ఉంది. లోపలి భాగం పాలిండ్రోమా కాదా అని మళ్లీ మొదటి నుంచి చూడక్కర్లేదు. చిన్న ముక్కల సంగతి ముందే తేల్చి పట్టికలో రాసుకుంటాం. పెద్ద ముక్క దగ్గరికి వచ్చేసరికి లోపలి భాగానికి జవాబు అక్కడ సిద్ధంగా ఉంటుంది. 'కటక' దగ్గర రెండు చివర్లా క ఉంది, లోపల 'ట' ఉంది, 'ట' పాలిండ్రోమ్ అని ముందే రాసుకున్నాం. కాబట్టి 'కటక' కూడా పాలిండ్రోమ్. మొత్తం మాట దగ్గరికి వస్తే రెండు చివర్లా వి ఉంది, లోపల 'కటక' ఉంది, దాని సంగతి ఇప్పుడే రాసుకున్నాం. మిగతా ముక్కలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. లెక్క తేలింది: ఒంటి అక్షరాలు 5, కటక 1, వికటకవి 1, మొత్తం 7.

అయిదక్షరాల మాటకు మొత్తం ముక్కలు పదిహేనే కాబట్టి వేళ్ల మీద కూడా చేయవచ్చు. ఇక్కడ చూడాల్సింది పని ఎంత క్రమంగా నడిచిందన్నది. ఒక్కో ముక్క దగ్గర ఒక పోలిక, పట్టికలోకి ఒక చూపు. మాట ఎంత పొడవున్నా ముక్కకు ఇంతకు మించి పని లేదు.

రెండో లెక్క: ఏరుకున్న అక్షరాలు

ఇప్పుడు ప్రశ్నను కాస్త బిగిద్దాం. అక్షరాలు పక్కపక్కనే ఉండాలన్న నియమం తీసేద్దాం. వరస మాత్రం మారకూడదు. 'వికటకవి'లో 1, 3, 5 స్థానాలు ఏరుకుంటే 'విటవి' వస్తుంది. 2, 4 ఏరుకుంటే 'కక' వస్తుంది. ఇలా ఏరుకోవడాన్ని ఎంపిక అందాం. ఎంపికల్లో ఎన్ని పాలిండ్రోమ్‌లు?

ప్రతి అక్షరాన్నీ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. అయిదక్షరాలకు అయిదుసార్లు రెండేసి దారులు, ఏమీ తీసుకోని ఎంపికను పక్కన పెడితే 31. పరవాలేదు, రాసి చూడొచ్చు. ముప్పై అక్షరాలైతే 107 కోట్ల 37 లక్షల 41 వేల 823. జాబితా దారి ఇక్కడితో మూసుకుపోయింది. ఇక ఆలోచనే దిక్కు.

వరసలో ఉన్న ఒక ముక్కను తీసుకుందాం. దాని మొదటి అక్షరాన్ని వాడని ఎంపికలు కొన్ని. చివరి అక్షరాన్ని వాడనివి కొన్ని. ఈ రెండు లెక్కలూ చిన్న ముక్కలవే కాబట్టి ముందే తేల్చి ఉంటాం. వాటిని కూడితే సరిపోతుందా?

పిల్లలకు దీన్ని ఒక వీధిలో ఇళ్ల లెక్కతో చెబితే ఇట్టే పట్టుకుంటారు. ఒక ఎన్యుమరేటర్ మొదటి ఇల్లు వదిలి మిగతావన్నీ రాసుకొచ్చారు. ఇంకొకరు చివరి ఇల్లు వదిలి మిగతావన్నీ రాసుకొచ్చారు. రెండు లెక్కలూ కూడాలా అని అడిగితే, వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అంటుంది: "కూడకూడదు మాస్టారూ! మధ్యలో ఇళ్లన్నీ రెండేసిసార్లు వచ్చేత్తాయి కదండీ." అంతే. మధ్య ఇళ్లను ఒకసారి తీసేయాలి. ఆ తీసివేతే ఈ పద్ధతికి ఇరుసు.

ఇక మిగిలింది రెండు చివర్లనూ వాడుకునే ఎంపికలు. చివర్లు వేర్వేరు అక్షరాలైతే అలాంటి పాలిండ్రోమ్ ఒక్కటీ ఉండదు. ఒకటే అయితే, లోపలి ప్రతి పాలిండ్రోమ్ ఎంపికకూ రెండువైపులా ఆ అక్షరం తగిలించవచ్చు. లోపల ఏమీ లేకుండా ఆ రెండు అక్షరాలే ఉండటం ఇంకొకటి. అంటే లోపల ఎన్ని ఉంటే అన్ని, పైన ఒకటి. ఇందాక తీసేసిన మధ్య లెక్క తిరిగి వచ్చి చేరింది, దానికి తోడు ఒకటి కలిసింది.

నియమం రెండు వాక్యాల్లోకి వచ్చింది. చివర్లు వేరైతే: మొదటిది వదిలిన లెక్క, చివరిది వదిలిన లెక్క కూడి, మధ్య లెక్క తీసేయండి. చివర్లు ఒకటే అయితే: ఆ రెండు లెక్కలూ కూడి ఒకటి కలపండి.

'వికటకవి'కి పట్టిక వేద్దాం. పై వరసలో ఒక్కో అక్షరం, కింది వరసలో రెండేసి అక్షరాల ముక్కలు, ఇలా దిగుతూ వెళితే అట్టడుగున మొత్తం మాట.

ఒక అక్షరం: 1, 1, 1, 1, 1
రెండక్షరాలు: 2, 2, 2, 2
మూడక్షరాలు: 3, 5, 3
నాలుగక్షరాలు: 6, 6
అయిదక్షరాలు: 13

మూడో వరసలో నడుమ ఉన్న 5 'కటక'ది. పై వరస నుంచి 2, 2 కూడి, చివర్లు ఒకటే కాబట్టి 1 కలిపాం. నాలుగో వరసలో మొదటి 6 'వికటక'ది. చివర్లు వి, క వేరు. 'కటక' లెక్క 5, 'వికట' లెక్క 3 కూడితే 8. మధ్యనున్న 'కట' లెక్క 2 తీసేస్తే 6. చివర్లో 6, 6, 1 కలిసి 13.

నమ్మకం కలగడానికి చేత్తో సరిచూద్దాం. వి వాడకుండా: క, ట, క, కక, కటక, అయిదు. ఒంటి 'వి'లు రెండు. 'వివి' ఒకటి. రెండు 'వి'ల నడుమ పై అయిదింటిలో ఒక్కోటి పెడితే అయిదు. మొత్తం 13. పట్టిక నిజమే చెప్పింది.

ఇక్కడ స్థానాలను బట్టి లెక్కపెట్టాం. రెండు 'క'లనూ వేర్వేరుగా చూశాం. రాస్తే వేరుగా కనిపించే రూపాలు మాత్రమే కావాలంటే వి, క, ట, కక, కటక, వివి, వికవి, విటవి, వికకవి, వికటకవి, అంటే పది. దానికి నియమాన్ని ఇంకాస్త సవరించుకోవాలి. ప్రశ్నలో ఏది కావాలో ముందే విడమరచుకోకపోతే రెండు సరైన పద్ధతులు రెండు జవాబులు ఇస్తాయి.

పని ఎంత తగ్గిందో చూడండి. ముప్పై అక్షరాలకు పట్టికలో గడులు 465. ఒక్కో గడికి ఒక పోలిక, ఒకటి రెండు కూడికలు తీసివేతలు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నం కూర్చుంటే పూర్తి చేయగలరు. 107 కోట్ల జాబితా ఉన్నచోట 465 గడులు. ఈ మార్పు తెచ్చింది కొత్త యంత్రం కాదు, ఒకసారి కట్టిన లెక్కను మళ్లీ కట్టకూడదన్న క్రమశిక్షణ.

విరహాంకుడి వరస

ఈ క్రమశిక్షణ మన దేశంలో పద్యాల దగ్గర పుట్టింది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఎనిమిది మాత్రల పాదాన్ని గురులఘువులతో ఎన్ని రకాలుగా నింపవచ్చు? ప్రాకృతంలో 'వృత్తజాతిసముచ్చయం' రాసిన విరహాంకుడు దీనికి దారి చూపాడు. ఆయన ఆరో శతాబ్దానికీ ఎనిమిదో శతాబ్దానికీ నడిమివాడు. పాదం చివర లఘువు ఉంటే ముందున్నవి ఏడు మాత్రలు. గురువు ఉంటే ముందున్నవి ఆరు. కాబట్టి ఎనిమిది మాత్రల లెక్క అంటే ఏడు మాత్రల లెక్కకు ఆరు మాత్రల లెక్క కలపడమే. ఒకటి నుంచి మొదలుపెడితే 1, 2, 3, 5, 8, 13, 21, 34 అని వరస వస్తుంది. హేమచంద్రుడు 1150 ప్రాంతంలో దీన్నే చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. ప్రపంచం ఈ వరసను ఫిబొనాచీ పేరుతో పిలుస్తోంది. చిన్న జవాబులు దాచుకుని పెద్ద జవాబు కట్టడం అన్న పద్ధతికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా అందమైన పాత ఉదాహరణ లేదు.

ఇప్పుడు మన పాలిండ్రోమ్ ప్రశ్నను ఈ వరస మీద పెడదాం. గురులఘువుల అమరిక ఎటు చదివినా ఒకేలా ఉండాలంటే ఎన్ని రకాలు? మూడక్షరాల గణాలు ఎనిమిదింటిలో మగణం, నగణం, రగణం, జగణం తిరగేసినా మారవు. యగణం తిరగేస్తే తగణం, భగణం తిరగేస్తే సగణం అవుతాయి. మాత్రల్లో లెక్కపెడితే ఇంకో వింత ఎదురవుతుంది. ఏడు మాత్రలకు నట్టనడుమ లఘువు తప్పదు. దానికి ఒకవైపు మూడు మాత్రలు నింపితే రెండోవైపు దానంతటదే వస్తుంది. కాబట్టి 3 రకాలు. ఎనిమిది మాత్రలకు నడుమ గురువు పెట్టి పక్కన మూడేసి మాత్రలైనా ఉండొచ్చు, నడుమ ఏమీ లేకుండా నాలుగేసి మాత్రలైనా ఉండొచ్చు. 3, 5 కలిసి 8 రకాలు. తొమ్మిది మాత్రలకు మళ్లీ నడుమ లఘువే, పక్కన నాలుగేసి మాత్రలు, 5 రకాలే. మాత్ర పెరిగింది, లెక్క తగ్గింది. సరిసంఖ్య మాత్రలకు రెండు దారులు, బేసిసంఖ్యకు ఒక్కటే దారి కావడం దీనికి కారణం.

తిమ్మన కందం

ఇది ఊహలో ఆట కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో ఒక కందపద్యాన్ని పాదభ్రమకంగా రాశాడు. నాలుగు పాదాల్లో ప్రతి పాదమూ చివరి నుంచి చదివినా అదే పాదం. కందానికి అసలే కట్టుబాట్లు ఎక్కువ. వాటి మీద ఈ బరువు కూడా ఎత్తుకున్నాడాయన. ఆయన ముందు ఎన్ని దారులు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి చూద్దాం.

కందంలో గణాలన్నీ నాలుగేసి మాత్రలవే: గగ, భ, జ, స, నల. మొదటి పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో అయిదు, మొత్తం ఎనిమిది. మూడు, నాలుగు పాదాలు మళ్లీ అలాగే. బేసిగణంగా జగణం రాకూడదు. ఆరో గణం జ లేదా నలమే కావాలి. ఎనిమిదో గణం చివర గురువుండాలి, అంటే గగ గానీ స గానీ.

గురులఘువుల అమరిక రెండువైపులా ఒకేలా ఉండాలనుకుందాం. మొదటి పాదంలో మొదటి గణానికి జ కాక నాలుగు దారులు. మూడో గణం దాని ప్రతిబింబం, దానికి వేరే ఎంపిక లేదు. నడిమి గణం తిరగేసినా మారకూడదు, కాబట్టి గగ, జ, నల అని మూడు దారులు. 4, 3 గుణిస్తే 12. ఒకేలా ఉండాలన్న షరతు లేకపోతే 80 దారులు ఉండేవి.

రెండో పాదంలో ఎనిమిదో గణానికి రెండు దారులు, నాలుగోది దాని ప్రతిబింబం. ఏడో గణానికి నాలుగు దారులు, అయిదోది దాని ప్రతిబింబం. నట్టనడుమ ఆరో గణం. జ అయినా నల అయినా తిరగేస్తే మారదు కాబట్టి రెండు దారులూ నిలుస్తాయి. 2, 4, 2 గుణిస్తే 16. షరతు లేకపోతే 320.

తిమ్మన పద్యంలో మొదటి పాదం భ, జ, స. రెండో పాదం భ, భ, నల, స, స. మన లెక్కలోని పన్నెండింటిలో ఒకటి, పదహారింటిలో ఒకటి. కందంలో ఆరో గణానికి పెట్టిన నియమం సరిగ్గా రెండో పాదం నడిబొడ్డున పడటం, ఆ నియమం ఒప్పుకునే రెండు గణాలూ తిరగేసినా మారనివే కావడం చూస్తే ఈ ఛందస్సు పాదభ్రమకానికి ఎంత అనుకూలమో తెలుస్తుంది. ఇదంతా ఎముకల గూడు మాత్రమే. దాని మీద యతి, ప్రాస నిలిపి, అర్థమున్న మాటలు రెండువైపుల నుంచీ ఒకే అక్షరాలతో నడిపించాడు తిమ్మన. లెక్క తెలిసిన తర్వాత ఆ పద్యం మీద గౌరవం రెట్టింపవుతుంది.

అంకెల హారాలు

కవులకే కాదు, గణితజ్ఞులకు కూడా ఈ సొగసు నచ్చింది. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు రాసిన 'గణితసారసంగ్రహం'లో గుణకారాల మధ్య హారాల్లాంటి సంఖ్యలు కనిపిస్తాయి. 139ని 109తో గుణిస్తే 15151. 2,79,94,681ని 441తో గుణిస్తే 12345654321. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. మన భాషలో గణితం అక్కడే మొదలైంది.

పదకొండు అంకెల సంఖ్యల్లో ఇలా రెండువైపులా ఒకేలా ఉండేవి ఎన్ని? మొదటి ఆరు అంకెలు ఎంచుకుంటే మిగతా అయిదు వాటంతటవే వస్తాయి. మొదటిది సున్న కాకూడదు కాబట్టి తొమ్మిది దారులు, తర్వాతి అయిదింటికి పదేసి. మొత్తం 9 లక్షలు. సగం తెలిస్తే మొత్తం తెలిసిపోవడమే పాలిండ్రోమ్ స్వభావం.

జీవకణంలో ఇదే పట్టిక

ఇంత చిన్న పట్టిక జీవశాస్త్రంలో పెద్ద పనులు చేస్తోంది. డీఎన్ఏలో ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలుంటాయి. ఎకి జత టి, జికి జత సి. జిఎఎటిటిసి అనే వరసకు జతలు రాసి తిరగేస్తే మళ్లీ జిఎఎటిటిసి వస్తుంది. ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి తీసిన ఎకోఆర్‌వన్ అనే ఎంజైమ్ సరిగ్గా ఈ వరసను గుర్తుపట్టి డీఎన్ఏను అక్కడ తెంపుతుంది. జన్యువులను కత్తిరించి అతికే పనులకు ఇలాంటి ఎంజైమ్‌లు ఆధారమయ్యాయి.

ఆర్ఎన్ఏ పోగు తన మీద తానే ముడుచుకుని దూరంగా ఉన్న అక్షరాలతో జత కడుతుంది. ఏ ముడతలో ఎక్కువ జతలు కుదురుతాయో కనిపెట్టే పద్ధతిని రూత్ నుసినోవ్, ఆమె సహచరులు 1978లో ప్రచురించారు. వాళ్ల పట్టికలో ఒక్కో గడి వరసలోని ఒక్కో ముక్క. రెండు చివర్లు జత కుదురుతాయా, లోపలి భాగానికి ముందే తేల్చిన జవాబెంత అని అడగడం అక్కడా ఉంది. ముక్కను రెండుగా విడగొట్టి చూడటం అదనం. మనం 'వికటకవి'కి వేసిన పట్టికకు అది దగ్గరి చుట్టం.

పట్టికకూ హద్దుంది. లక్ష అక్షరాల వరసకు గడులు దాదాపు 500 కోట్లు. విడదీయని ముక్కల లెక్కకు మాత్రం 1975లో గ్లెన్ మనాకర్ చూపిన దారి ఇంకా వేగమైనది. ఒక పాలిండ్రోమ్ కుడి సగం ఎడమ సగానికి ప్రతిబింబం కాబట్టి, ఎడమవైపు తెలుసుకున్న సంగతులను కుడివైపు వాడుకుంటూ, వరస పొడవుకు తగ్గ పనిలోనే లెక్క ముగించవచ్చు. అక్షరాల వరసల మీద జరిగిన ఇలాంటి పరిశోధనలో తెలుగువారి చేయి కూడా ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కొసరాజు సాంబశివరావు, ఒకే ముక్క వెంటవెంటనే రెండుసార్లు వచ్చే చోట్లను కనిపెట్టడం మీద 1994లో పరిశోధన పత్రం వెలువరించారు. గ్రాఫులలో ఆయన పేరుతోనే ఉన్న కొసరాజు అల్గారిథమ్ ప్రపంచమంతటా పాఠ్యాంశం.

పలక మీద చేయగల పని

డైనమిక్ ప్రోగ్రామింగ్ అనగానే నగరాల్లో కోచింగులు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు గుర్తుకొస్తున్నాయి. పద్ధతికి కావలసింది మాత్రం ఒక కాగితం, కూడిక, తీసివేత. ఛందస్సు ఒక పీరియడ్‌లో, గణితం ఇంకో పీరియడ్‌లో, కంప్యూటర్ మరో గదిలో నేర్పుతున్నాం. విరహాంకుడికి అవి మూడు కావు. చోడవరంలోనో బుచ్చయ్యపేటలోనో తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ కలిసి ఒక్క పాఠం చెబితే, పిల్లలకు గురులఘువులూ వస్తాయి, లెక్క కట్టే పద్ధతీ వస్తుంది, తమ భాషలో అక్షరం యంత్రం లోపల ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. తెలుగు వెతుకులాట, తెలుగు అక్షరదోషాల సవరణ, తెలుగు ఛందస్సును పరీక్షించే ప్రోగ్రాములు బాగుపడాలంటే ఈ మూడూ ఎరిగినవాళ్లు కావాలి. వాళ్లు మన బళ్లలోంచే రావాలి.

చేసి చూడండి

ఒకటి: 'గలగల' అనే నాలుగక్షరాలకు ఎంపికల పట్టిక వేయండి. జవాబు 8 రావాలి. 'కకక' అనే మూడక్షరాలకు 7 రావాలి. అన్నీ ఒకే అక్షరమైతే ఏ ఎంపికైనా పాలిండ్రోమే అవుతుంది కాబట్టి ఇది పట్టిక సరిగా వేశారో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది.

రెండు: పది మాత్రలకు రెండువైపులా ఒకేలా ఉండే అమరికలు 13 అనీ, పదకొండు మాత్రలకు 8 అనీ విరహాంకుడి వరసతో నిరూపించండి.

మూడు: మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు అక్షరాలుగా విడగొట్టి ముక్కల లెక్క కట్టండి. ఆ తర్వాత అవే పేర్లను హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా రాసి మళ్లీ లెక్క కట్టండి. రెండు లెక్కలూ ఎక్కడ విడిపోయాయో, ఏ గుర్తు వల్ల విడిపోయాయో రాయండి. రెండు లెక్కలూ ఒకటే రావాలంటే పేరు ఎలా ఉండాలో ఆలోచించండి.